ప్రిన్స్ ఆఫ్ పర్షియా 2ని మనవాళ్లు సరిగ్గా చూడనే లేదు

పెన్నాగట్టు (నెల్లూరు)

ప్రిన్స్ ఆఫ్ పర్షియా అనే కంప్యూటర్ ఆట పేరెత్తగానే మన జిల్లాల్లో తొంభైల్లో కంప్యూటర్ నేర్చుకున్న ప్రతివాళ్లూ ఏదో ఒకటి చెబుతారు. ఊడిపడే పలకలు, కింద ముళ్లు, మధ్యలో కట్టర్లు. అదే రెండో భాగం సంగతి ఎత్తితే "మిద్దెల మీద పరిగెత్తేది, అదే గదా" అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. ఆ మిద్దెలు మొదటి లెవెల్ మాత్రమే. అంటే చాలామంది అక్కడే ఆగిపోయారన్నమాట.

1993లో బ్రోడర్‌బండ్ కంపెనీ డాస్ (విండోస్‌కి ముందు పీసీల్లో ఉన్న సిస్టమ్) మీద తెచ్చిన ఆ ఆట పూర్తి పేరు ప్రిన్స్ ఆఫ్ పర్షియా 2: ద షాడో అండ్ ద ఫ్లేమ్. నీడ, జ్వాల. నా దృష్టిలో అది మొదటిదానికి తీసిపోదు. ఒక విషయంలో అయితే దాన్ని దాటింది కూడా. ఆ ఒక్క విషయం చెప్పడానికే ఈ టాపిక్ పెడుతున్నాను.

మొదటి ఆటలో నీడమనిషి ఎలా పుట్టాడో చాలామందికి తెలుసు. ఆట తయారుచేసిన జోర్డన్ మెక్నర్ యాపిల్ 2 కంప్యూటర్ మీద ఆ ఆట రాస్తుంటే మెమరీ నిండిపోయింది. హీరోకి ఎదురుగా ఇంకో పాత్రని గీసి పెట్టే చోటు లేదు. అందుకని హీరో బొమ్మనే తీసుకుని, ఒక బిట్ పక్కకి జరిపి, దాంతోనే ఎక్స్‌ఆర్ చేశాడు, అంటే రెండు బొమ్మల్నీ ఒకదానిమీద ఒకటి పెట్టి తేడా ఉన్న చుక్కల్నే మిగిల్చాడు. మెరిసే నీడ ఆకారం ఒకటి వచ్చింది. కొత్త బొమ్మ ఖర్చు లేకుండా కొత్త శత్రువు! వాడు అద్దంలోంచి బయటికి దూకుతాడు, మనం తాగాల్సిన సీసా తాగేస్తాడు, మనం అవతలికి దూకేలోపు గేటు మూసేసి కిందపడేస్తాడు. ఆఖర్న వాడితో కత్తికి దిగితే వాడికి తగిలిన దెబ్బ మనకీ తగులుతుంది. కత్తి ఒరలో పెట్టి వాడి వైపు నడిస్తే ఇద్దరూ ఒకటైపోతారు.

ఇంత గొప్ప ఆలోచన వచ్చాక మామూలుగా ఏం చేస్తారు? రెండో భాగంలో మళ్లీ అదే నీడని విలన్‌గా దింపుతారు. వీళ్లు ఆ పని చెయ్యలేదు. కలిసిపోయిన నీడ ఇప్పుడు హీరో లోపలే ఉంది. ఆట సగం దాటినా దాని ఊసే రాదు. చివరికొచ్చేసరికి ఆ నీడని ఒంట్లోంచి వేరు చెయ్యడం మనం నేర్చుకోవాలి. నీడగా మారి గుడిలో పవిత్ర జ్వాలని అందుకోవాలి, దాంతోనే రెండు ఆటల్లోనూ విలన్ అయిన జాఫర్‌ని కాల్చి బూడిద చెయ్యాలి. మెమరీ చాలక పుట్టిన చిట్కా ఒకటి రెండో ఆటకి పేరూ, కథా, ముగింపూ అయి కూర్చుంది. ఆ కాలంలో ఒక ఆటకి రెండో భాగం అంటే కొత్త లెవెల్స్, కొత్త శత్రువులు, అంతే. ముందు ఆటలో జరిగినదాన్ని ఇంత లోతుగా వాడుకున్నది నాకైతే ఇంకోటి కనబడలేదు.

—

కావలి_486 (కావలి)

అంతా బాగుందన్నా. ఆ గుడిదాకా పోయినవాళ్లు మన జిల్లాలో ఎంతమంది?

—

ట్రంకురోడ్డు (నెల్లూరు)

నేను పోలా. మిద్దెల మీద చచ్చి చచ్చి మళ్లీ మొదటిదానికే పోయినా.

—

పాతఫ్లాపీ (ఒంగోలు)

పోకపోవడానికి కారణం ఆటలో లేదు, మన కంప్యూటర్లలో ఉంది. ఈ సంగతి ఎవరూ చెప్పరు కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

మొదటి ప్రిన్స్ దేనిమీదైనా నడిచేది. కలర్ మానిటర్ లేకపోయినా సరే, హెర్క్యులస్ కార్డు పెట్టుకున్న నల్లతెర మీద కూడా నడిచింది. సౌండ్ కార్డు అక్కర్లేదు, డబ్బాలో ఉన్న స్పీకరే కీచుమనేది. ఒక్క ఫ్లాపీలో పట్టేది. జేబులో వేసుకుని వెళ్లి ఇంకోచోట కాపీ చేసుకోవడమే. ఒంగోలులో నేను డీబేస్ నేర్చుకున్న సెంటర్లో సార్ వారానికోసారి అన్ని మెషిన్ల మీదా డిలీట్ కొట్టేవారు, మర్నాటికి మళ్లీ ఉండేది.

రెండోది అలా కాదు. వీజీఏ అనే రంగుల డిస్‌ప్లే కార్డు కావాలి. వెనక బొమ్మలన్నీ చేత్తో రంగులేసిన పెయింటింగుల్లా ఉంటాయి, అవి 256 రంగులుంటేనే అందం. సంగీతం సరిగ్గా వినాలంటే సౌండ్ బ్లాస్టర్ కార్డు ఉండాలి. ఒక ఫ్లాపీలో పట్టదు. ఏఆర్‌జే అనే ఫైళ్లు కుదించే ప్రోగ్రామ్‌తో ముక్కలు చేసి నాలుగైదు ఫ్లాపీల్లో మోసుకొస్తే, వాటిలో ఒక్కటి చెడిపోయినా మొత్తం పోయినట్టే. ఎక్కించడానికి హార్డ్‌డిస్కులో చోటు ఉండాలి. ఆ రోజుల్లో మన సెంటర్లలో హార్డ్‌డిస్కు ఖాళీ చేసేది ఆటల కోసం కాదు.

ఇవన్నీ కుదిరిన మెషిన్ మనవైపు దొరికేసరికి విండోస్ 95 వచ్చేసింది. అందరూ డూమ్ అనే తుపాకీ ఆట వెనకపడ్డారు. డూమ్ కూడా 1993 డిసెంబర్‌దే, గుర్తుంచుకోండి. ఒకే ఏడాది పుట్టిన రెండు ఆటల్లో ఒకటి లోకాన్ని తిప్పేసింది. ఇంకోటి పక్కనుంచి చూసే పాత పద్ధతిలో ఎంతో శ్రద్ధగా చేసిన ఆట. ఎటు చూస్తారు జనం?

—

బలపం (మార్కాపురం)

పాతఫ్లాపీ గారూ, మీ హార్డ్‌వేర్ వాదన ఒప్పుకుంటాను. కానీ మెషిన్ ఉన్నవాళ్లు కూడా ఆడటం మానేశారు గదా. అమెరికాలో అందరికీ వీజీఏ ఉంది. అక్కడ కూడా జనం మొదటిదాన్నే తలుచుకుంటారు. దానికి కారణం ఆటలోనే ఉందని నా అభిప్రాయం.

నేను పాలిటెక్నిక్‌లో చదువుతున్నప్పుడు మొదటి ప్రిన్స్ పూర్తిచేశాను. లేడీస్ ల్యాబ్‌లో ముగ్గురం వంతులేసుకుని ఆడేవాళ్లం, ఒకరు ఆడుతుంటే ఇంకొకరు కాగితం మీద మ్యాప్ గీసేవాళ్లం. ఆ ఆట గొప్పతనం ఏంటంటే ప్రతి గదీ ముందు చూపిస్తుంది, తర్వాత చంపుతుంది. పలక ఊడిపోతుందంటే ముందే కదిలి చప్పుడు చేస్తుంది. కట్టర్ ఒకే లయలో పడుతుంది. ముళ్ల మధ్య షిఫ్ట్ పట్టుకుని ఒక్కో అడుగు వేస్తే బతుకుతాం. చచ్చిన ప్రతిసారీ "తప్పు నాదే" అనిపిస్తుంది. టైమ్ 60 నిమిషాలే అయినా దారి తెలిస్తే బోలెడంత మిగులుతుంది.

రెండోదాంట్లో ఆ న్యాయం లేదు. మిద్దెల మీద అడుగు పెట్టగానే వెనకనుంచి భటులు, ముందునుంచి భటులు. చూసి నేర్చుకునే తీరిక ఇవ్వడు. గుహల్లో ఎక్కడో ఒక మూల పలక తొక్కకపోతే ముందుకి దారే ఉండదు. శిథిలాల లెవెల్స్ సంగతి ఇక చెప్పక్కర్లేదు, ఎగిరే తలకాయలు, పాములు. 75 నిమిషాలు ఇచ్చానంటాడు, అందులో సగం దారి వెతుక్కోవడానికే చాలదు. ఇక మీరు మెచ్చుకుంటున్న ఆ నీడ! దాన్ని బయటికి తియ్యాలంటే గబగబా ఇటూ అటూ తిరగాలని ఆటలో ఎక్కడ చెప్పాడు? ఒకరు చెబితే తప్ప తెలియని సంగతి మీద ఆట ముగింపు పెట్టడం గొప్ప డిజైన్ ఎలా అవుతుంది, పెన్నాగట్టు గారూ?

—

ట్రంకురోడ్డు (నెల్లూరు)

అక్క చెప్పింది కరెక్ట్. ఆ తలకాయల్ని తలుచుకుంటే ఇప్పటికీ టెన్షన్.

—

కావలి_486 (కావలి)

మ్యాప్ గీసినవాళ్లకి నా నమస్కారం. మేము చచ్చిపోతే కీబోర్డుని కొట్టేవాళ్లం, అంతే.

—

పెన్నాగట్టు (నెల్లూరు)

బలపం గారూ, తలకాయల విషయంలో మీతో కొట్లాడను. శిథిలాల్లో ఆ రెండు మూడు లెవెల్స్ ఇంకా కొంచెం చెక్కాల్సినవే. కానీ "చూసి నేర్చుకునే తీరిక ఇవ్వడు" అన్న మాట దగ్గర ఆగుతాను.

మొదటి ఆట జైలు. పరిగెత్తేది ఖైదీ. గోడలు ఎక్కడికీ పోవు, కాబట్టి మనమూ నిదానంగా చూసుకోవచ్చు. రెండో ఆట కథ వేరు. మొదటి ఆట ముగిసిన 11 రోజులకి హీరో కొలువుకి వస్తాడు. వచ్చేసరికి అతని వేషంలో జాఫర్ కూర్చుని ఉంటాడు. హీరో ఒంటి మీద చింకి బట్టలు. అతన్ని ప్రేమించిన రాకుమారి కూడా గుర్తుపట్టదు. భటులు మీద పడతారు, కిటికీ పగలగొట్టుకుని మిద్దె మీదికి దూకుతాడు. అక్కడ మనకి తీరిక ఇస్తే అది అబద్ధం అవుతుంది. ఆగితే చస్తావు, పరిగెత్తు, అంతే. ఆ లెవెల్ చివర రేవులో ఓడ కదిలిపోతుంటే పరుగున దూకి అందుకోవడం ఉంది చూడండి. కంప్యూటర్లో ఆ రోజుల్లో అలాంటి మొదలు నేను చూళ్లేదు. ఆ తర్వాత పిడుగు పడి ఓడ మునిగి హీరో ఎవరూ లేని దీవి ఒడ్డుకి కొట్టుకొస్తాడు. అక్కడనుంచి ఆట నిదానిస్తుంది. గుహల్లో అస్థిపంజరాలు లేస్తాయి, దీవిలోంచి బయటపడటానికి మాయతివాచీ, తర్వాత శిథిల నగరం, అక్కడినుంచి మాయగుర్రం, ఆఖర్న గద్దముక్కు భటులు కాపలా కాసే గుడి. మొదటి ఆట మొత్తం ఒకే కోటలో జరిగితే, రెండోది ఇన్ని చోట్లకి తీసుకుపోతుంది. ఒక్కోచోట రంగు వేరు, వెలుగు వేరు.

నీడని బయటికి తియ్యడం ఎక్కడా చెప్పలేదన్నారు. నిజం. నేను సమర్థించేది దాన్ని దాచిపెట్టడాన్ని కాదు, దాని వెనక ఉన్న ఆలోచనని. మొదటి ఆటలో చివరి తలుపు కత్తితో తెరుచుకోదు, కత్తి దింపితే తెరుచుకుంటుంది. అది కూడా ఆటలో ఎవరూ చెప్పరు కదా? అప్పుడు మనం "అబ్బా!" అన్నాం. రెండోదాంట్లో చివరి ఆయుధం కోసం మన ప్రాణంలో కొంత ఇవ్వాలి. అదే ఆలోచనని ఇంకో మెట్టు పైకి తీసుకెళ్లాడు.

—

ఉదయగిరి_దుర్గం (ఉదయగిరి)

శిథిలాల లెవెల్స్ అంటే నాకు ఇష్టం. మా కొండ మీద కోట గోడల మధ్య తిరిగి వచ్చి రాత్రి ఆ లెవెల్స్ ఆడేవాణ్ణి. కూలిన గోడలు, అడ్డదిడ్డం మెట్లు, ఎక్కడ ఏముందో తెలియదు. తలకాయలు ఒక్కటే మా కోటలో లేవు.

—

పలకజెండా (ఒంగోలు)

చిన్న ప్రశ్న. నాది 2004 పుట్టుక, దయచేసి తిట్టకండి. ఫోన్‌లో షాడో అండ్ ద ఫ్లేమ్ అని ఒకటి ఆడాను చిన్నప్పుడు. అది ఇదేనా?

—

పాతఫ్లాపీ (ఒంగోలు)

ఇదే తమ్ముడూ, కానీ ఇది కాదు. 2013లో యూబీసాఫ్ట్ దాన్ని ఫోన్లకి కొత్త బొమ్మలతో మళ్లీ చేసింది. కథ అదే. కదలిక వేరు. ఫోన్‌లో వేలితో గీస్తే దూకుతాడు. అసలు ఆటలో ప్రతి అడుగుకీ ఒక కొలత ఉంటుంది, పరుగు అందుకోవడానికి జాగా కావాలి, ఆగడానికి జాగా కావాలి. ఆ బరువు ఫోన్ ఆటలో రాలేదు.

ఆ బరువు ఎక్కడినుంచి వచ్చిందంటే, మెక్నర్ 1985లో తన తమ్ముడికి తెల్లబట్టలు వేయించి పరిగెత్తించి, దూకించి, వీడియో తీశాడు. ఒక్కో ఫ్రేమూ చూసి బొమ్మ గీశాడు. కత్తియుద్ధానికి 1938 నాటి రాబిన్ హుడ్ సినిమాలో ఎరల్ ఫ్లిన్ పోరాటాన్ని చూసి గీశాడు. 1989లో ఆట వచ్చింది. రెండో ఆటలో కూడా ఆ నడక అలాగే ఉంది, ఇంకొన్ని కదలికలు కలిశాయి.

—

కోవూరు_డేవ్ (కోవూరు)

అందరూ ప్రిన్స్ ప్రిన్స్ అంటున్నారు. రెండో భాగానికి అన్యాయం జరిగిందంటే మొదట చెప్పుకోవాల్సింది డేంజరస్ డేవ్ గురించి. మన స్కూళ్లలో ప్రిన్స్‌కంటే డేవే ఎక్కువ ఆడారు. కప్పు తీసుకో, తలుపు దగ్గరికి పరిగెత్తు. దానికి రెండో భాగం ఉందని ఎంతమందికి తెలుసు? డేంజరస్ డేవ్ ఇన్ ద హాంటెడ్ మాన్షన్, 1991. చేసింది ఎవరనుకుంటున్నారు? డూమ్ చేసిన ఐడీ సాఫ్ట్‌వేర్ వాళ్లే. జాన్ రొమెరో, జాన్ కార్మాక్, టామ్ హాల్, ఏడ్రియన్ కార్మాక్.

మొదటి డేవ్‌లో తెర గది గదిగా జరుగుతుంది. రెండోదాంట్లో తెర మనతోపాటే సాఫీగా జరుగుతుంది, అప్పటి పీసీల మీద అది మామూలు సంగతి కాదు. డేవ్ చేతిలో షాట్‌గన్. పైకీ, ఏటవాలుగానూ కాల్చొచ్చు. తూటాలు అయిపోతే నింపుకునేదాకా ఆగాలి, ఆ క్షణంలోనే జాంబీ మీదికి వస్తుంది. చచ్చిపోతే ఒక్కో దయ్యానికీ ఒక్కో రకం చావు, దగ్గరగా చూపిస్తాడు. చిన్నపిల్లలు చూడాల్సింది కాదు, అందుకే స్కూలు మెషిన్లలో కనబడలేదేమో.

—

ట్రంకురోడ్డు (నెల్లూరు)

డేవ్ రెండో భాగమా!! ఇన్నేళ్లూ నాకు తెలీదు.

—

పెన్నాగట్టు (నెల్లూరు)

డేవ్ అన్నా, మీది కూడా న్యాయమైన వాదనే. కాకపోతే డేవ్ రెండు, మొదటిదాన్ని గుర్తుపెట్టుకోదు. పేరూ ఎర్రటోపీ మాత్రమే మిగిలాయి. ఆట వేరే ఆట. ప్రిన్స్ రెండు మొదటిదాన్ని మరచిపోలేదు. దీనికి వేరే టాపిక్ పెట్టండి, నేను కూడా వచ్చి రాస్తాను.

—

కోవూరు_డేవ్ (కోవూరు)

పెడతా. అక్కడికి ప్రిన్స్‌ని తీసుకురావద్దు మరి.

—

కావలి_486 (కావలి)

మొదటి ప్రిన్స్‌కి మన ఊళ్లలో అంత పేరు రావడానికి అసలు కారణం ఎవరూ చెప్పట్లేదు. చీట్! "ప్రిన్స్ మెగాహిట్" అని కొట్టి ఆట తెరవడం రాని కుర్రాడు కావలిలో లేడు. షిఫ్ట్ ఎల్ కొడితే లెవెల్ దాటేస్తాం. కె కొడితే భటుడు చస్తాడు. షిఫ్ట్ టి కొడితే ప్రాణం పెరుగుతుంది. షిఫ్ట్ ఐ కొడితే తెర తలకిందులు, అది ఎందుకో ఇప్పటికీ అర్థం కాలేదు. పదిమంది చుట్టూ నిలబడి చూస్తుంటే జాఫర్‌ని చంపి చూపించొచ్చు.

రెండోదానికి చీట్ మాట వేరే. మెగాహిట్ కొడితే పనిచెయ్యదు. అక్కడే సగం మంది వదిలేసుంటారు.

—

పాతఫ్లాపీ (ఒంగోలు)

నిజమే. రెండోదానికి వెర్షన్‌ని బట్టి "మేకినిట్" లేదా "యిప్పీయాహూ". ఇది మన దగ్గరికి ఇంటర్నెట్ వచ్చాక గానీ తెలియలేదు. మెగాహిట్ మాత్రం నోటిమాటగా రాష్ట్రమంతా పాకింది.

—

బలపం (మార్కాపురం)

చీట్ లేకుండా కూడా మొదటి మూడు లెవెల్స్‌లో షిఫ్ట్ ఎల్ పనిచేస్తుంది, కానీ టైమ్ 15 నిమిషాలకి పడిపోతుంది. మోసం చేస్తే శిక్ష కూడా అందులోనే పెట్టాడు. నేను చెప్పే న్యాయం ఇదే!

ఇక కత్తియుద్ధం సంగతి. మొదటి ఆటలో ఒక భటుడు, మనం. వాడి కత్తి లేచేది చూసి అడ్డం పెట్టాలి, వెంటనే కొట్టాలి. లావుపాటి భటుడు ఒకరకం, ఎర్రబట్టలవాడు ఇంకోరకం, ఒక్కొక్కడి అలవాటు నేర్చుకుంటాం. రెండోదాంట్లో ఒకేసారి నలుగురు. ముందొకడు వెనకొకడు. అడ్డం పెట్టే చేతికి పని తక్కువ, కొట్టడమే కొట్టడం. సంఖ్య పెరిగింది, రుచి తగ్గింది. దీనికి మీ సమాధానం ఏంటి?

—

పెన్నాగట్టు (నెల్లూరు)

దీనికి నా దగ్గర సమాధానం ఉంది మేడమ్. నలుగురు వచ్చినప్పుడు నిలబడి నలుగురితోనూ కొట్టుకోవాలని అనుకుంటే రుచి తగ్గుతుంది. అక్కడ యుద్ధం కత్తితో కాదు, నిలబడే చోటుతో. రెండువైపులా చిక్కుకోకుండా గోడని వీపుకి పెట్టుకోవాలి, లేదా ఒక మెట్టు పైకెక్కి ఒక్కొక్కడినే రానివ్వాలి. అంచు దగ్గర నిలబడితే వాళ్లని వెనక్కి తోసి కింద పడెయ్యొచ్చు. మొదటి ఆటలో శత్రువుని చదివితే చాలు. ఇక్కడ గదిని కూడా చదవాలి. మీరు మ్యాపులు గీసినవారు, మీకు ఇది నచ్చాలి నిజానికి.

మీరు అనకముందే ఒక లోపం నేనే ఒప్పుకుంటాను. గుడిలోకి వెళ్లాక ఆ గద్దముక్కువాళ్ల వేగం మరీ ఎక్కువ. అక్కడ నా చోటు చిట్కాలు కూడా ఎప్పుడూ పనిచెయ్యవు.

—

పాతఫ్లాపీ (ఒంగోలు)

ఇంకో కోణం. రెండో ఆటకి కథా, డిజైనూ మెక్నర్‌వే, కానీ మొదటిదానిలాగా ఒంటరిగా కూర్చుని కోడ్ రాసింది ఆయన కాదు. బ్రోడర్‌బండ్‌లో టీమ్ రాసింది. ఆ సమయంలో ఆయన మనసు సినిమాల మీదికి మళ్లింది. మొదటి ఆటలో ప్రతి గదిలో ఒకే మనిషి పట్టుదల కనబడుతుంది. రెండోదాంట్లో చాలామంది పని కనబడుతుంది. బొమ్మలు గీసినవాళ్ల పని చాలా గొప్పగా ఉంది, లెవెల్స్ మాత్రం ఒకచోట ఉన్నట్టు ఇంకోచోట లేవు. బలపం గారు చెబుతున్న ఎగుడుదిగుడుకి ఇది కొంత కారణం అయ్యుండొచ్చు.

ఇది అడుగున పడటానికి ఇంకో కారణం కూడా ఉంది. మొదటి ఆటని అప్పట్లో ఉన్న ప్రతి మెషిన్‌కీ మార్చారు. అమీగా, నింటెండో, సెగా, గేమ్‌బాయ్, ఏది పట్టుకున్నా ఉండేది. రెండోదానికి డాస్ తర్వాత 1994లో మ్యాక్, 1996లో సూపర్ నింటెండో, ఇంకా ఒకటి రెండు, అంతే. 1996 అంటే సూపర్ నింటెండో కథ ముగిసిపోతున్న సమయం. ఎవరి చేతికీ అందలేదు.

—

పలకజెండా (ఒంగోలు)

ముగింపు గురించి ఎవరైనా చెప్పండి. ఫోన్‌లో నేను చివరిదాకా పోలేదు. స్పాయిలర్ అయినా పర్లేదు.

—

పెన్నాగట్టు (నెల్లూరు)

నాకు అసలు ఇష్టమైన భాగం అడిగావు తమ్ముడూ.

మొదటి ఆటలో హీరో పేరుకే ప్రిన్స్. నిజానికి ఊరూ పేరూ లేని పరదేశి. రాకుమారి ప్రేమించింది, జాఫర్ జైల్లో పడేశాడు, అంతవరకే. మనం ప్రిన్స్ అని పిలిచిందల్లా డబ్బా మీద పేరు చూసి. రెండో ఆటలో శిథిల నగరంలో అతని తల్లి ఆత్మ కనబడి, నువ్వు రాజుకి పుట్టినవాడివి అని చెబుతుంది. అంటే మొదట్లో ముఖం పోయింది, బిచ్చగాడయ్యాడు. మధ్యలో పుట్టుక తెలిసింది. చివర్లో నీడ వేరై పనికొచ్చింది. మూడూ ఒకే ప్రశ్న చుట్టూ తిరుగుతాయి: వీడెవడు? ఆ కాలంలో దూకుడు ఆటలో ఇంత పకడ్బందీ కథ ఎవరు రాశారు? మధ్యమధ్యలో రాకుమారి జబ్బుపడి క్షీణించిపోతున్నట్టు చూపిస్తాడు. పైన టైమ్ తగ్గుతుంటే అది వట్టి అంకె కాదని తెలుస్తుంది.

ఇక ముగింపు. జాఫర్ కాలి బూడిదవుతాడు, ఇద్దరూ కలుస్తారు. ఆట అయిపోయిందనుకునేలోపు ఎక్కడో ఒక ముసలి మంత్రగత్తె గాజుగోళంలో వీళ్లని చూస్తూ ఉంటుంది. అక్కడితో ఆపేశాడు.

—

పలకజెండా (ఒంగోలు)

ఆమె ఎవరు మరి?

—

పాతఫ్లాపీ (ఒంగోలు)

ఎవరికీ తెలియదు. 1999లో ప్రిన్స్ ఆఫ్ పర్షియా 3డి వచ్చింది, అందులో వేరే కథ. 2003లో శాండ్స్ ఆఫ్ టైమ్‌తో అంతా మొదటినుంచి మొదలుపెట్టారు, హీరో కూడా వేరే మనిషి. ఆ మంత్రగత్తె 1993 నుంచి అలాగే గోళంలోకి చూస్తూ కూర్చుంది పాపం.

—

ఉదయగిరి_దుర్గం (ఉదయగిరి)

ఇందుకే జనం దీన్ని తక్కువ చేశారేమో. ఇంత కష్టపడి చివరికి పోతే "సశేషం" అంటాడు. అదీ రానేరాని సశేషం.

—

బలపం (మార్కాపురం)

పెన్నాగట్టు గారి "వీడెవడు" మాట నాకు నచ్చింది. కథ విషయంలో రెండోది మొదటిదానికంటే మెరుగు, ఒప్పుకుంటున్నాను. ఆటగా మాత్రం మొదటిదే. మంచి కథ చెప్పడానికి ఆటగాడిని అన్యాయంగా చంపాల్సిన పనిలేదు. నీడని వేరు చేసే పద్ధతిని గుహల్లోనే ఒక చిన్న గదిలో, చావు భయం లేకుండా, ఒక్కసారి చేయించి ఉంటే చాలు. చివర్లో మనంతట మనకే తట్టేది. మొదటి ఆట అద్దం దగ్గర సరిగ్గా అదే చేసింది. నాలుగో లెవెల్లో నీడని పరిచయం చేసి, ఐదులో, ఆరులో గుర్తుచేసి, పన్నెండులో అసలు పరీక్ష పెట్టాడు. ఆ నాలుగు మెట్లు రెండో ఆటలో లేవు. ఒకేసారి చివరి మెట్టు ఎక్కమన్నాడు.

—

పెన్నాగట్టు (నెల్లూరు)

మేడమ్, ఆ గుహలో గది మాట మాత్రం అప్పుడు మీరు బ్రోడర్‌బండ్‌లో ఉండి చెప్పాల్సింది. దీనికి నా దగ్గర ఎదురుమాట లేదు. అయినా నేను రెండోదానివైపే.

—

ట్రంకురోడ్డు (నెల్లూరు)

ఇదంతా చదివాక మళ్లీ ఆడాలనిపిస్తోంది. పాత డాస్ ఆటల్ని ఇప్పటి కంప్యూటర్లో నడిపే డాస్‌బాక్స్‌లో పెట్టాను, హీరో గాల్లో తేలినట్టు మరీ స్పీడుగా పోతున్నాడు. పైగా ల్యాప్‌టాప్‌లో నంబర్ కీలు లేవు. ఏం చెయ్యాలి?

—

పాతఫ్లాపీ (ఒంగోలు)

కంట్రోల్ ఎఫ్11 కొడుతూ సైకిల్స్ (డాస్‌బాక్స్ వేగం) తగ్గించండి, నడక మామూలుగా అనిపించేదాకా. ఎక్కువ తగ్గితే కంట్రోల్ ఎఫ్12. నంబర్ కీలు లేకపోతే పైబాణం, పక్కబాణం కలిపి నొక్కితే ముందుకి దూకుతాడు. కాకపోతే కొన్ని ల్యాప్‌టాప్ కీబోర్డుల్లో షిఫ్ట్‌తోపాటు రెండు బాణాలు ఒకేసారి అందవు. దూకి అంచు పట్టుకోవాల్సిన చోట చస్తారు. బయటి కీబోర్డు ఒకటి కొనుక్కోండి, చవకదే చాలు.

—

ట్రంకురోడ్డు (నెల్లూరు)

సరే అన్నా. మిద్దెల మీద మొదటి భటుణ్ణి చంపి ముందుకి పోవాలా, వదిలేసి పరిగెత్తాలా?

—

పెన్నాగట్టు (నెల్లూరు)

ముందున్నవాణ్ణి చంపాల్సిందే, దారి వాడిదే. వెనకనుంచి వచ్చేవాళ్ల కోసం మాత్రం ఆగొద్దు, ఎంతమందిని చంపినా ఇంకొకడు వస్తూనే ఉంటాడు. ఓడ కనబడ్డాక ఆలోచించకుండా పరుగుమీద దూకెయ్యి. గుహల్లోకి వచ్చాక ఇక్కడ రాయి, అక్కడినుంచి చెబుతాను.

—

బలపం (మార్కాపురం)

శిథిలాలకి వచ్చాక నాకు రాయండి. ఆ మ్యాప్ నేను గీసి పెడతాను, నచ్చక వదిలేసిన ఆటే అయినా.